‘అని’కి ఆంగ్లమేది?

ఎనిమిదవ తరగతిలో ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక వాక్యం వ్రాస్తాడు: హి సెడ్ టు మి, “వేర్ ఆర్ యూ గోయింగ్?” దీనిని పరోక్ష కథనంలోనికి మార్చవలసినదని పిల్లలను ఆదేశిస్తాడు. కొంతసేపటికి నోటుపుస్తకాలు బల్లమీదికి చేరుతాయి. పెక్కు పుస్తకాలలో ఒకటే జవాబు: ‘హి ఆస్క్‌డ్ మి దట్ వేర్ ఆర్ యూ గోయింగ్.’ ఎర్రసిరా కలం మొదట ‘దట్’ను కొట్టివేస్తుంది, తరువాత ‘ఆర్ యూ’ను కొట్టివేస్తుంది. పిల్లవానికి మిగిలేది సున్న.

పరీక్షకుని దృష్టిలో ఆ సున్న న్యాయమే. అయితే ఈ తప్పు సోమరితనం వల్ల పుట్టినది కాదు. ‘నీవెక్కడికి వెళుతున్నావని నన్నడిగాడు’ అన్నది నిర్దుష్టమైన తెలుగు వాక్యం. పిల్లవాడు ఆ వాక్యాన్నే మనసులో ఉంచుకొని, ‘అని’ ఉన్నందుకు ‘దట్’ ఉంచి, మిగిలినదానిని ఉన్నదున్నట్లు ఆంగ్లంలోనికి దించాడు. ఎందుకు తప్పయినదో చెప్పకుండా మార్కులు మాత్రం తీసివేస్తే, వాడు మరునాడు కూడా అదే వ్రాస్తాడు. అంతకంటె విచారకరమేమంటే, ఆంగ్లం తన బుద్ధికి అందని వింతల పుట్ట అని ఆ పదమూడేళ్ల వయసులోనే నిశ్చయించుకొంటాడు.

‘అను’ ధాతువు నుండి పుట్టిన ‘అని’ తెలుగులో చేయని పని లేదు. చెప్పిన మాట వెనుక నిలుస్తుంది. అడిగిన ప్రశ్న వెనుక నిలుస్తుంది. మనసులోని తలపు వెనుకా నిలుస్తుంది. ‘వాన వస్తుందని గొడుగు తెచ్చాడు’ అన్నప్పుడు కారణం చెబుతుంది. ‘గలగలమని నవ్వింది’ అన్నప్పుడు ధ్వనిని పట్టి ఇస్తుంది. సంస్కృతంలోని ‘ఇతి’కి ఇది చెల్లెలు వంటిది. తాటాకులపై గంటంతో వ్రాసిన పూర్వులు ఉద్ధరణ చిహ్నాలు లేకుండానే పని జరుపుకొన్నారు. ఒకరి మాట ఎక్కడ ముగిసినదో ‘అని’యే చెప్పేది. ఇన్ని కొలువులు చేసే మాటకు ఆంగ్లంలో ఒక్క ‘దట్’ సరిపోతుందనుకోవడమే చిక్కుకు మూలం. ఆంగ్లం చెప్పిన మాటకు ‘దట్’ను, అవునా కాదా అన్న ప్రశ్నకు ‘ఇఫ్’ లేక ‘వెదర్’ను, ఆజ్ఞకు ‘టు’ను వేరువేరుగా నియమించుకొన్నది. ‘ఎక్కడ’, ‘ఎప్పుడు’ వంటి ప్రశ్నపదం ఉన్నచోట అదే చాలు, మరొకటి అక్కరలేదు.

ఇంతవరకు తెలుగు అడ్డువచ్చినట్లే కనబడుతుంది. నిజానికి తోడువచ్చే తెలుగు కూడా ఉన్నది. తరగతి గదిలో దానిని పిలిచేవారు తక్కువ. ‘ఎక్కడికి వెళుతున్నానో అడిగాడు’ అని చెప్పి చూడండి. ‘అని’ పోయింది, ‘నీవు’ పోయింది, ప్రశ్నార్థకమూ పోయింది. చివరనున్న ఆ ‘ఓ’కారం ప్రశ్నను మామూలు మాటగా మార్చివేసింది. ‘హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్’ అన్న ఆంగ్ల వాక్యంలో ‘వాజ్ ఐ’ అనక ‘ఐ వాజ్’ అనడానికి కారణం సరిగా ఇదే: అక్కడ ప్రశ్న అడగడం లేదు, ప్రశ్నను గురించి చెబుతున్నారు. ‘వస్తానో రానో అడిగాడు’ అంటే ‘వెదర్’ దానంతట అదే దొరుకుతుంది. ఆజ్ఞల సంగతి మరింత సులువు. రమ్మన్నాడు, కూర్చోమన్నాడు, మాట్లాడవద్దన్నాడు అని పసిపిల్లలు సైతం అంటారు. ‘రమ్మన్నాడు’ తెలిసినవానికి ‘టోల్డ్ మి టు కమ్’ కొత్తది కాదు.

సర్వనామాల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ‘రాముడు తాను వస్తానన్నాడు’ అనే వాక్యం విచిత్రమైనది. కర్త ‘తాను’, క్రియ మాత్రం ‘వస్తాను’ అని ఉత్తమ పురుషలోనే నిలిచి ఉన్నది. సగం రాముని గొంతు, సగం చెప్పేవాని గొంతు. ఆ క్రియ చివరి ‘ను’ చూచి పిల్లవాడు ‘రామ సెడ్ దట్ ఐ విల్ కమ్’ అని వ్రాస్తాడు. అప్పుడు వచ్చేది రాముడు కాదు, వ్రాసిన పిల్లవాడు! ఒక బాలుడు సెలవుచీటీలో ‘మై ఫాదర్ సెడ్ దట్ ఐ యామ్ ఇల్’ అని వ్రాశాడనుకొందాము. జబ్బుపడినది తండ్రి, చీటీ చదివినవారు కొడుకు నాడి చూస్తారు. ‘తాను’ అన్నచోటల్లా ‘హి’ లేక ‘షి’ అని పట్టుకొంటే ఈ ప్రమాదం తప్పుతుంది. మరొక మాట. రాముడు కృష్ణునితో ‘హి’ గెలిచాడని చెబితే, ఎవరు గెలిచారో ఆంగ్లంలో తేలదు. తెలుగులో ‘తాను’ అంటే రాముడే. ఈ ఒక్క విషయంలో ఆంగ్లేయుడే మన దగ్గర పాఠం చెప్పించుకోవాలి.

ఇక కాలం. ‘విల్’ను ‘వుడ్’గా, ‘కెన్’ను ‘కుడ్’గా, ‘టుమారో’ను ‘ది నెక్స్ట్ డే’గా మార్చే పట్టికను రెన్, మార్టిన్‌ల వ్యాకరణం చదివినవారందరూ కంఠస్థం చేసినవారే. పట్టిక తప్పు కాదు. కాని అది ఫలితాన్ని చూపుతుందే గాని కారణాన్ని చూపదు. చెప్పినవాడు నిలిచిన రోజు వేరు, తిరిగి చెప్పేవాడు నిలిచిన రోజు వేరు. మాటలు మారేది ఆ దూరం వల్ల. ఉదయం అన్న మాటను సాయంత్రం చెబితే ‘టుడే’ ‘టుడే’గానే ఉండవచ్చును. అదే గదిలో చెబితే ‘హియర్’ ‘దేర్’ కానవసరం లేదు. ‘హి సేస్’ అంటే క్రియ కదలదు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని నిన్న చెప్పినా అది నేడూ తిరుగుతూనే ఉన్నది గనుక అక్కడా మార్పు అక్కరలేదు. పరీక్షపత్రంలోని వాక్యానికి తేదీ ఉండదు, ఊరు ఉండదు. అందుచేతనే పట్టిక అక్కడ రాజ్యం చేస్తుంది.

తేదీ, ఊరు ఉన్న వాక్యాలకు కొరత లేదు. బడి విడిచి ఇంటికి వెళ్లిన పిల్లను తల్లి ‘మాస్టారేమన్నారు?’ అని అడుగుతుంది. “పద్యం ఎందుకు రాలేదో అడిగారమ్మా. రేపు అప్పజెప్పమన్నారు. అప్పటికీ రాకపోతే తానే మనింటికి వస్తానన్నారు” అని ఆ పిల్ల జవాబిస్తుంది. ప్రశ్న, ఆజ్ఞ, ప్రకటన – మూడూ వచ్చాయి, ఒక్కచోటైనా తడబడలేదు. ఆ మూడు ముక్కలనూ మరునాడు ఆ పిల్లచేతనే నల్లబల్లమీద తెలుగులో వ్రాయించి, వాటి క్రింద ఆంగ్లం వ్రాయడానికి సుద్దముక్క తరగతికి అప్పగించవచ్చును. ‘రేపు’ను ఏమి చేయవలెనన్న తగవు అక్కడే మొదలవుతుంది. మాస్టారు చెప్పిన ఆ ‘రేపు’ ఇప్పుడు ‘ఈనాడు’ అయి కూర్చున్నది కదా!