కియా కారెన్స్

కియా కారెన్స్ దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ భారతదేశములో తయారుచేసి, ఇక్కడనే గాక విదేశములలోను అమ్ముతున్న మూడు వరుసల కుటుంబ కారు. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములో, శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలములోని ఎర్రమంచి వద్ద గల కర్మాగారములో ఇది తయారవుతుంది. 2021 డిసెంబరు 16న దీనిని తొలిసారి ప్రదర్శించారు. 2022 ఫిబ్రవరి 15న 8.99 లక్షల రూపాయల ప్రారంభ ధరతో విపణిలోనికి విడుదల చేశారు. ఆరుగురు లేదా ఏడుగురు కూర్చొనుటకు వీలైన ఈ కారు ధరలో మధ్యతరగతికి చెందినది. అన్ని రకములలోను ఆరు ఎయిర్‌బ్యాగులను తప్పనిసరిగా అమర్చుట దీని విశేషము. అయినను ప్రమాద పరీక్షలలో దీనికి వచ్చిన ఫలితములు ఒకే తీరుగా లేవు. రక్షణ పరికరముల సంఖ్యకు, వాస్తవ రక్షణకు గల భేదమును తెలిసికొనుటకు ఈ కారు చరిత్ర మంచి ఉదాహరణము.

పుట్టిన చోటు

పెనుకొండ విజయనగర రాజుల కాలములో ప్రసిద్ధి చెందిన దుర్గము. 1565 నాటి తళ్ళికోట యుద్ధము తరువాత రాజధాని హంపి నుండి ఇక్కడకు మారినది. ఆధునిక కాలములో ఈ ప్రాంతము వేరుశనగ సాగుకు, దానితోపాటు కరవుకు పేరు పొందినది. ఉమ్మడి అనంతపురం జిల్లా దేశములో అత్యల్ప వర్షపాతము గల జిల్లాలలో ఒకటి.

2017 ఏప్రిల్ 27న ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వమునకు, కియా సంస్థకు మధ్య కర్మాగార స్థాపనకై ఒప్పందము కుదిరినది. సుమారు 536 ఎకరముల విస్తీర్ణములో, 110 కోట్ల అమెరికా డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యముతో దీనిని నిర్మించారు. బెంగుళూరు - హైదరాబాదు జాతీయ రహదారి (44వ నంబరు) దీని పక్కనుండి పోవుట ఒక అనుకూలత. నీటి కొరత గల ఈ సీమలో కర్మాగారమునకు కావలసిన నీరు హంద్రీ-నీవా పథకములోని గొల్లపల్లి జలాశయము నుండి వస్తుంది.

2019 జనవరి 29న ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైనది. అదే సంవత్సరము ఆగస్టులో సెల్టోస్ అను తొలి కారు బయటకు వచ్చినది. డిసెంబరు 5న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి కర్మాగారమును లాంఛనముగా ప్రారంభించారు. సెల్టోస్, కార్నివాల్, సోనెట్ కార్ల తరువాత సంస్థ భారతదేశములో విడుదల చేసిన నాలుగవ కారు కారెన్స్. 2023 జూలైలో ఈ కర్మాగారము నుండి పది లక్షలవ కారు వెలువడినది. కారెన్స్ విడుదలైన నాటికి పెనుకొండ అనంతపురం జిల్లాలో ఉండెడిది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడగా అందులో చేరినది.

కారెన్స్ అను పేరును కియా సంస్థ 1999 నుండియే వేరొక కారుకు వాడినది. పెనుకొండలో తయారగు కారుకు ఆ పాత కారుతో పేరులో తప్ప నిర్మాణములో సంబంధము లేదు.

కొలతలు, సౌకర్యములు

కారెన్స్ పొడవు 4540 మిల్లీమీటర్లు, వెడల్పు 1800 మి.మీ., ఎత్తు 1708 మి.మీ. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య దూరము 2780 మి.మీ. సెల్టోస్ కారు నిర్మాణ పీఠమునే పొడిగించి దీనిని రూపొందించారు. సెల్టోస్ తొలి తరములో ఇరుసుల మధ్య దూరము 2610 మి.మీ. మాత్రమే. అదనముగా లభించిన 170 మి.మీ. స్థలమే మూడవ వరుసకు ఆధారము.

మూడు వరుసల కార్లలో చివరి వరుస సాధారణముగా పిల్లలకు మాత్రమే పనికివస్తుంది. అక్కడకు ఎక్కి దిగుట పెద్దలకు కష్టము. కారెన్స్ పై రకములలో ఒక మీట నొక్కగానే రెండవ వరుస సీటు విద్యుత్ సాయముతో ముందుకు మడుచుకొంటుంది. మోకాళ్ళ నొప్పులు గల వృద్ధులున్న ఇంటికి ఇది చిన్న సౌకర్యము కాదు. రెండవ వరుస సీట్లను ముందు వెనుకలకు జరుపుకొనవచ్చును, వాల్చుకొనవచ్చును. వెనుక కూర్చున్నవారికి పైకప్పు నుండి చల్లని గాలి వచ్చు ఏర్పాటు ఉన్నది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటు రాయలసీమ వంటి ప్రాంతములలో ముందు భాగమున మాత్రమే ఏ.సి. గాలి వస్తే మూడవ వరుసకు చేరుటకు చాలా సేపు పడుతుంది.

దీనికి ఒక పరిమితి కూడా కలదు. మూడు వరుసలు నిండినప్పుడు సామాను పెట్టుకొనుటకు మిగులు స్థలము 216 లీటర్లు మాత్రమే. ఏడుగురు ప్రయాణము చేయునప్పుడు ఏడుగురి పెట్టెలు ఇందులో పట్టవు. చివరి వరుసను మడిచినచో విశాలమైన స్థలము లభిస్తుంది. కనుక దీనిని ఏడుగురికి దగ్గరి ప్రయాణములకు, ఐదుగురికి దూర ప్రయాణములకు తగిన కారుగా భావించవచ్చును.

రక్షణ సాంకేతికత

భారతదేశములో కొత్త కార్లకు ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుండి, డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుండి తప్పనిసరి అయినవి. పక్కన కూర్చొనువారి ఎయిర్‌బ్యాగు కొత్త నమూనాలకు 2021 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయినది. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండవలెనని 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ముసాయిదా ప్రకటించినది గాని, 2023 సెప్టెంబరులో దానిని నిర్బంధము చేయబోమని తెలిపినది. ఈ నేపథ్యములో అతి తక్కువ ధర గల రకములో సైతము ఆరు ఎయిర్‌బ్యాగులు అమర్చుట కారెన్స్‌కు ప్రత్యేకతను తెచ్చినది. ముఖ్యమైన పరికరములు పని చేయు తీరు ఇట్లున్నది.

* ఎయిర్‌బ్యాగు: ఢీకొన్న క్షణములో సెన్సరు గుర్తించగా సంచి వాయువుతో నిండుతుంది. ఇందుకు కనురెప్పపాటు కాలము కూడ పట్టదు. ఇది సీటుబెల్టుకు తోడు మాత్రమే, బదులు కాదు. బెల్టు ధరించనివాడు విచ్చుకొనుచున్న సంచికి ఎదురుగా విసరబడి గాయపడవచ్చును.
* ఏబీఎస్: గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రములు బిగుసుకొని జారకుండ క్షణమునకు అనేకసార్లు బ్రేకును పట్టి విడుస్తుంది. అందువలన బ్రేకు వేస్తూనే కారును పక్కకు తిప్పవచ్చును.
* ఈఎస్‌సీ: స్టీరింగు తిప్పిన దిక్కునకు, కారు వాస్తవముగా పోవు దిక్కునకు తేడా వచ్చినచో, తగిన ఒక్క చక్రమునకే బ్రేకు వేసి కారును దారికి తెస్తుంది.
* ఎత్తుపల్లముల సహాయము: ఎత్తులో ఆగిన కారు వెనుకకు జారకుండ కొన్ని క్షణములు పట్టి ఉంచుతుంది. ఏటవాలులో దిగునప్పుడు వేగమును అదుపు చేస్తుంది.
* నాలుగు చక్రములకు డిస్కు బ్రేకులు: ఈ తరగతి కార్లలో వెనుక చక్రములకు తరచుగా డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. డిస్కు బ్రేకు వేడిని త్వరగా వదలుట వలన ఘాట్ రోడ్లలో దాని పట్టు అంత త్వరగా తగ్గదు.

ప్రమాద పరీక్షలు

గ్లోబల్ ఎన్‌క్యాప్ అను స్వచ్ఛంద సంస్థ 2022 జూన్‌లో కారెన్స్ ఫలితములను ప్రకటించినది. గంటకు 64 కిలోమీటర్ల వేగముతో కారు ముందు భాగములో కొంత మేర అడ్డుగోడకు తగులునట్లు చేయుట ఇందులో ముఖ్యమైన పరీక్ష. పెద్దల రక్షణలోను, పిల్లల రక్షణలోను కారెన్స్‌కు ఐదింటికి మూడు నక్షత్రములు మాత్రమే లభించినవి. ఎయిర్‌బ్యాగులన్నియు ఉన్నను కారు దేహ నిర్మాణము స్థిరముగా లేదని పరీక్షకులు నిర్ణయించారు. మనుషులు కూర్చొను భాగము నలగకుండ నిలిచినప్పుడే ఎయిర్‌బ్యాగుకు పని చేయుటకు చోటు ఉంటుంది. గోడలు పగిలిన ఇంటికి తలుపులు ఎంత గట్టివైనను ప్రయోజనము లేనట్లే ఇది కూడ.

తరువాత ఆ సంస్థ పరీక్షా విధానమును కఠినతరము చేసినది. పక్కనుండి ఢీకొనుట, స్తంభమునకు తగులుట వంటి అంశములను చేర్చినది. ఈ కొత్త విధానములో కారెన్స్‌ను రెండుసార్లు పరీక్షించి 2024 ఏప్రిల్‌లో ఫలితములను వెల్లడించారు. మొదటి పరీక్షలో డ్రైవరు మెడకు రక్షణ చాలనందున పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రము కూడ రాలేదు. పిమ్మట కియా సంస్థ బెల్టులు, ఎయిర్‌బ్యాగులతో కూడిన బంధన వ్యవస్థను మెరుగుపరచి మరల పరీక్షకు పంపినది. ఈసారి పెద్దల రక్షణలో మూడు, పిల్లల రక్షణలో ఐదు నక్షత్రములు లభించినవి.

దీని నుండి రెండు విషయములు గ్రహించవచ్చును. ఒకే పేరు, ఒకే రూపము గల రెండు కార్లు తయారైన తేదీని బట్టి వేరు వేరు రక్షణను ఇవ్వవచ్చును. పాత కారు కొనువారికి ఇది మరింత ముఖ్యము. రెండవది, బహిరంగముగా జరుగు పరీక్ష తయారీదారును దిద్దుబాటుకు పురికొల్పుతుంది. 2023 అక్టోబరు 1 నుండి మన దేశములోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు అమలులోనికి వచ్చినవి. పెనుకొండలోనే తయారగు కియా సైరోస్ కారుకు 2025లో ఈ పరీక్షలో ఐదు నక్షత్రములు వచ్చినవి.

ఇంజన్లు

విడుదల నాడు కారెన్స్‌కు మూడు ఇంజన్లు ఉండెడివి. వానిలో 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజనుకు బదులుగా 2023లో 1.5 లీటర్ల టర్బో ఇంజను వచ్చినది. నాటి నుండి గల ఇంజన్లు ఇవి.

* 1.5 లీటర్ల సాధారణ పెట్రోలు (1497 సీసీ): 115 పీఎస్ శక్తి, 144 న్యూటన్ మీటర్ల టార్కు.
* 1.5 లీటర్ల టర్బో పెట్రోలు (1482 సీసీ): 160 పీఎస్ శక్తి, 253 న్యూటన్ మీటర్ల టార్కు.
* 1.5 లీటర్ల డీజిలు (1493 సీసీ): 116 పీఎస్ శక్తి, 250 న్యూటన్ మీటర్ల టార్కు.

మొదటి, మూడవ ఇంజన్ల శక్తి దాదాపు సమానమే అయినను నడకలో చాలా భేదము ఉంటుంది. కారణము టార్కు, అనగా ఇరుసును తిప్పు బలము. సాధారణ పెట్రోలు ఇంజను తన పూర్తి టార్కును నిమిషమునకు 4500 చుట్ల వద్ద ఇస్తుంది. డీజిలు ఇంజను అంతకంటె ఎంతో ఎక్కువ టార్కును 1500 చుట్ల వద్దనే ఇస్తుంది. మనిషికి 60 కిలోల చొప్పున ఏడుగురి బరువు 420 కిలోలు. ఇంత బరువుతో తిరుమల ఘాట్ రోడ్డు వంటి ఎత్తు ఎక్కునప్పుడు సాధారణ పెట్రోలు ఇంజనుకు గేరు తగ్గించి, ఎక్కువ చుట్లు తిప్పవలసి వస్తుంది. డీజిలు, టర్బో పెట్రోలు ఇంజన్లు తక్కువ చుట్లలోనే లాగుతాయి.

టర్బో అనగా ఇంజను విడిచిన పొగ వేగముతో ఒక చిన్న చక్రమును తిప్పి, దాని సాయముతో ఎక్కువ గాలిని ఇంజనులోనికి నెట్టు యంత్రము. వృథాగా పోవు శక్తి ఈ విధముగా ఉపయోగపడుతుంది. అయితే త్వరగా వేగము పెంచినచో టర్బో పెట్రోలు ఇంజను ఇంధనమును ఎక్కువగానే త్రాగుతుంది.

డీజిలు ఇంజనులో మసిని పట్టి ఉంచు వడపోత సాధనము ఉంటుంది. పేరుకొన్న మసి కాలిపోవలెనన్నచో కారు అప్పుడప్పుడు కొంతసేపు ఆగకుండ వేగముగా నడవవలెను. ధర్మవరము నుండి బెంగుళూరుకు తరచుగా పోవువారికి ఇది ఇబ్బంది కాదు. హిందూపురము వీధులలో బడికి, బజారుకు మాత్రమే తిప్పువారికి వడపోత మూసుకొనిపోవు సమస్య రావచ్చును. అట్టివారికి సాధారణ పెట్రోలు ఇంజను చాలును.

గేర్లు మార్చు పద్ధతులలోను ఎంపిక కలదు. సాధారణ పెట్రోలు ఇంజనుకు చేతితో మార్చు ఆరు గేర్లు మాత్రమే ఉంటాయి. డీజిలు ఇంజనుకు ఆరు గేర్ల ఆటోమేటిక్ కూడ లభిస్తుంది. టర్బో పెట్రోలు ఇంజనుకు రెండు క్లచ్చులు గల ఏడు గేర్ల డీసీటీ, క్లచ్ పెడలు లేకుండ గేరు మాత్రము చేతితో మార్చు ఐఎంటీ ఉన్నవి. డీసీటీలో ఒక క్లచ్చు ఒక గేరును నడుపుచుండగా రెండవది తరువాతి గేరును సిద్ధముగా ఉంచుతుంది.

కారెన్స్ క్లావిస్

2025 మే 23న కారెన్స్ క్లావిస్ అను మెరుగుపరచిన రకము 11.49 లక్షల ప్రారంభ ధరతో వచ్చినది. దీని పై రకములలో కెమెరా, రాడారుల సాయముతో పని చేయు రెండవ స్థాయి చోదక సహాయ వ్యవస్థ ఉన్నది. ముందు వాహనము దగ్గరైనప్పుడు హెచ్చరించుట, అవసరమైతే తానే బ్రేకు వేయుట, గీతల మధ్య కారును నిలుపుట దీని పనులు. గీతలు చెరిగిపోయిన రోడ్డుపై గీతలను అనుసరించు సహాయము అందదు. హఠాత్తుగా అడ్డువచ్చు పశువుల విషయములో డ్రైవరు అప్రమత్తతయే ప్రధానము. రెండవ స్థాయి వ్యవస్థలో బాధ్యత ఎల్లప్పుడు డ్రైవరుదే.

2025 జూలై 15న విద్యుత్ క్లావిస్ విడుదలైనది. 42 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో 404 కి.మీ., 51.4 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో 490 కి.మీ. నడుస్తుందని సంస్థ ప్రకటించినది. ఇవి నిర్ణీత పరీక్షా పరిస్థితులలోని అంకెలు. నిండు ప్రయాణికులతో, ఏ.సి. వేసికొని రహదారిపై వేగముగా పోవునప్పుడు దూరము తగ్గుతుంది.

ఎంపికలో గమనించవలసినవి

కారు కొనువారు ఎయిర్‌బ్యాగులు ఎన్ని అని అడుగుటతో ఆగక, ప్రమాద పరీక్షలో ఎన్ని నక్షత్రములు వచ్చినవి, ఆ ఫలితము ఏ తేదీ తరువాత తయారైన కార్లకు వర్తిస్తుంది అని కూడ అడుగవలెను. ఇంజనును ప్రకటనలలోని శక్తిని బట్టి గాక, ప్రయాణము చేయు దూరమును, బరువును, దారిని బట్టి ఎంచుకొనవలెను.

వీటన్నిటికంటె ముఖ్యమైనది వెనుక సీట్లలో బెల్టు ధరించుట. వెనుక సీట్లలో ముందువైపు తిరిగి కూర్చొనువారికి కూడ బెల్టు చట్టప్రకారము తప్పనిసరి. 14 సంవత్సరములు నిండని పిల్లలను బెల్టుతో గాని, పిల్లల సీటులో గాని కూర్చుండబెట్టనిచో 2019 నాటి చట్ట సవరణ ప్రకారము వెయ్యి రూపాయల జరిమానా కలదు. గంటకు 64 కి.మీ. వేగములో ఢీకొనుట సుమారు 16 మీటర్ల ఎత్తు నుండి, అనగా ఐదంతస్తుల మేడ మీదినుండి పడుటతో సమానము. ఆ ఎత్తున పిట్టగోడ లేని చోట బిడ్డను ఎవ్వరును నిలబెట్టరు. అదే జాగ్రత్త కారులోను అవసరము. బెల్టు ధరించుటకు ఖర్చు లేదు, పట్టునది రెండు క్షణముల కాలము.

ఇవి కూడా చూడండి

* పెనుకొండ
* శ్రీ సత్యసాయి జిల్లా
* హంద్రీ-నీవా సుజల స్రవంతి
* డీజిలు ఇంజను
* సీటుబెల్టు