వరద కంటే ముందు ఊరు మేల్కొనాలంటే

మహబూబాబాద్ జిల్లాలో వరద అనగానే ముందుగా తలపుకొచ్చే పేరు ఆకేరు. వర్ధన్నపేట వైపు నుంచి వచ్చి తొర్రూరు, నర్సింహులపేట, మరిపెడ ప్రాంతాల మీదుగా సాగి, ఖమ్మం చేరువలోని తీర్థాల దగ్గర మున్నేరులో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మేటల నడుమ సన్నటి పాయగా కనిపించే ఈ వాగు, కుండపోత వాన పడితే కొద్ది గంటల్లోనే వంతెనల మీదికి వస్తుంది. గోదావరి వరదకూ వాగు వరదకూ అసలు తేడా ఇక్కడే ఉంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53కు మూడోది జారీ చేస్తారు. ఎగువన నీటిమట్టాలను కేంద్ర జలసంఘం గంటగంటకూ చూస్తుంటుంది కాబట్టి లోతట్టు కాలనీలను ఖాళీ చేయించడానికి వ్యవధి దొరుకుతుంది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు వేలాది మందిని శిబిరాలకు తరలించగలిగింది అందువల్లే. ఆకేరు, మోరంచ, జంపన్న వాగుల ఒడ్డున ఉన్నవారికి అంత వ్యవధి లేదు.

ఆ సంగతి 2023 జులై 27న తేలిపోయింది. ఆ రోజు ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. రాష్ట్రంలో అప్పటివరకు నమోదైన అత్యధికం 2013లో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. తెల్లవారకముందే మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది. జనం డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. పడవలు, హెలికాప్టర్లు వచ్చేదాకా వాళ్లకు ఆ డాబాలే దిక్కయ్యాయి. అదే వానకు ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్న వాగు 8 మందిని పొట్టన పెట్టుకుంది.

మరుసటి ఏడాది ఆకేరు వంతు వచ్చింది. 2024 ఆగస్టు 31 రాత్రి మహబూబాబాద్ జిల్లాలోని పలు మండలాల్లో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మరిపెడ మండలం సీతారాం తండా నీట మునిగింది. పురుషోత్తమాయగూడెం వంతెన దగ్గర కారు కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు. ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర ఊడ్చుకుపోయి కాజీపేట–విజయవాడ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. ఈ నీళ్లన్నీ దిగువకు చేరి ఖమ్మంలో మున్నేరును 36 అడుగుల దాకా లేపాయి.

గొలుసులో ఒక్క కట్ట తెగితే

ఓరుగల్లు నేల మీద వరదను అర్థం చేసుకోవాలంటే చెరువుల నుంచి మొదలుపెట్టాలి. కాకతీయుల కాలం నుంచి ఇక్కడ చెరువులన్నీ గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి, చివరికి వాగులోకి చేరుతుంది. మామూలు ఏడాదుల్లో వాన ఉరవడిని ఆపి నెమ్మదిగా వదిలేవి ఈ చెరువులే. కట్ట బలహీనంగా ఉంటే మాత్రం ఇవే ముప్పవుతాయి. పై చెరువుకు గండి పడితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. 1908 సెప్టెంబరులో హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరదకు కారణాలు వెతికిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, ఎగువ పరీవాహకంలో 221 చెరువులు తెగిపోయాయని తేల్చారు. వందేళ్లు దాటినా ఆ లెక్క చెప్పే సంగతి మారలేదు: నగరాన్ని కాపాడాలంటే ఎగువన ఊరి చెరువు కట్టను కాపాడాలి.

ఆ పని ప్రభుత్వం ఒక్కటే చేయజాలదు, ఊరు ఒక్కటే చేయజాలదు. అంచనాలు వేయడం, తూము షట్టర్లు మార్చడం, మత్తడికి కాంక్రీటు వేయడం నీటిపారుదల శాఖ పని. రోజూ కట్ట మీద నడిచి చూసేది మాత్రం ఊరివాళ్లే. వెనకటి రోజుల్లో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, కట్టలో ఏ చోట నెమ్ము దిగుతోందో అతనికి తెలిసేది. ఆ వ్యవస్థ చాలా ఊళ్లలో చెదిరిపోయింది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేసి సాగునీటి సంఘాలను నిలబెట్టినా అవి ఎక్కువ కాలం బతకలేదు. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ మళ్లీ రెండు చేతులూ కలిపింది. 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలన్నది దాని లక్ష్యం. ప్రభుత్వ ఖర్చుతో పొక్లెయిన్ పూడిక తవ్వితే, రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి ఒండ్రు మట్టిని చేలకు తోలుకున్నారు. చెరువులో జాగా పెరిగింది, చేనుకు సత్తువ వచ్చింది. ఇద్దరికీ లాభం ఉన్న పని కాబట్టే జనం కదిలారు. పూడిక తీసిన శ్రద్ధ ఆ తర్వాత ఏటేటా కట్ట నిర్వహణ మీద నిలవకపోవడమే లోటు.

వాన రాత్రి కట్ట మీద జరిగే పని చూస్తే ఈ కలయిక విలువ తెలుస్తుంది. కట్ట వెలుపలి వాలున ఎక్కడో బుగ్గలాగా నీరు ఊరుతుంది. తేటగా వస్తే అది ఊట, బురదగా వస్తే లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. అప్పుడు లోపలివైపు నీటి మీద సుడి ఎక్కడ తిరుగుతోందో బ్యాటరీ లైటు వేసి వెతకాలి. బుంగ నోరు దొరికితే గడ్డి కట్టలు, ఇసుక బస్తాలు వేసి మూయాలి. వెలుపల బస్తాలతో చుట్టూ రింగ్ బండ్ కట్టి నీటిని నిలబెడితే ఒత్తిడి తగ్గుతుంది. సుడిని కనిపెట్టేది చేపలు పట్టే ముదిరాజులు, ఆయకట్టు రైతులు. బస్తాలు, ఇసుక, జేసీబీ తేవాల్సింది అధికారులు. బస్తాలు జూన్‌లోనే ఊళ్లో నిల్వ ఉంటే గండి తప్పుతుంది. మండల కేంద్రం నుంచి తెప్పించేసరికి రోడ్డే తెగిపోవచ్చు.

హెచ్చరిక ఎక్కడ ఆగుతోంది?

వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ అంటే 24 గంటల్లో 20 సెంటీమీటర్లు మించి వాన పడొచ్చని అర్థం. 2024లో ఆకేరు పరీవాహకంలో పడింది దానికి రెట్టింపు. జిల్లా అంతటికీ ఒకే రంగు చూపే హెచ్చరిక, ఏ వాగు ఏ తండాలోకి వస్తుందో చెప్పలేదు. రాష్ట్ర ప్రణాళికా సంస్థ మండలాల్లో నెలకొల్పిన స్వయంచాలక వర్షమాపక కేంద్రాలు వాన లెక్కలను వెంటవెంటనే చూపిస్తాయి. ఎగువన అర్ధరాత్రికి 20 సెంటీమీటర్లు దాటిందంటే దిగువన తెల్లారేలోగా ఏమవుతుందో ఒడ్డు మీది పెద్దలు చెప్పగలరు. లెక్క ఆఫీసు దగ్గర, అనుభవం ఊరి దగ్గర విడివిడిగా ఉండిపోవడంలోనే ప్రమాదం ఉంది.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన ప్రాధికార సంస్థను పెట్టింది. రెవెన్యూ, పోలీసు, నీటిపారుదల, విద్యుత్, వైద్య శాఖలన్నీ దాని కిందికి వస్తాయి. కలెక్టరేట్ కంట్రోల్ రూం నుంచి తహసీల్దారుకు, అక్కడి నుంచి పంచాయతీ కార్యదర్శికి సమాచారం చేరుతుంది. ఆఖరి మెట్టు సర్పంచ్, వార్డు సభ్యులు. ఆకేరు పొంగిన 2024 సెప్టెంబరులో తెలంగాణ పల్లెల్లో ఆ మెట్టే లేదు. అంతకు ఏడు నెలల ముందే పదవీకాలాలు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన మొదలైంది. ఒక్కో అధికారికి రెండు మూడు ఊళ్లు అప్పగిస్తే, అర్ధరాత్రి తలుపు తట్టి లేపేవారు ఎవరు? ఈ ఖాళీ గురించి జరగాల్సినంత చర్చ జరగలేదు.

ఫోన్‌కు సందేశం పంపితే పని అయిపోయినట్టు కాదు. కరెంటు పోతే టవర్ పోతుంది. అప్పుడు దండోరా, గుడి మైకు, మసీదు మైకు, పంచాయతీ ట్రాక్టర్ మీది లౌడ్‌స్పీకర్ ఉపయోగపడతాయి. తండాల్లో చాటింపు లంబాడీ మాటలో ఉంటేనే ముసలివాళ్లు వెంటనే కదులుతారు. ఇంట్లో మంచాన పడ్డవాళ్లు, బాలింతలు ఎవరున్నారో ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచర్‌కు తెలిసినంతగా ఏ రికార్డుకూ తెలియదు. కొట్టంలో కట్టేసిన బర్రెలను విడిచి రామనేవాళ్లను ఒప్పించాలంటే పశువులకూ మెరక మీద చోటు చూపించాలి. రైతు వేదిక, బడి భవనం ఆశ్రయంగా అనుకున్నప్పుడు అవి వాగు అంచున లేవని ముందే చూసుకోవాలి.

ప్రాణనష్టంలో చాలా భాగం ఇళ్లలో కాదు, రోడ్లు దాటేటప్పుడు జరుగుతోంది. లోలెవల్ వంతెన మీద మోకాలి లోతు నీరు బండిని పక్కకు తోసేస్తుంది. పోలీసులు బారికేడ్ పెట్టి వెళ్లిపోతే దాన్ని జరిపి దాటేవారు ఉంటారు. రెండు ఒడ్డుల ఊళ్ల యువకులు వంతులవారీగా కాపలా ఉన్నచోట ఆ సాహసాలు తగ్గుతాయి. ఎత్తైన వంతెనలు కట్టేదాకా ఈ కాపలాకు మించిన ఉపాయం లేదు.

జాతీయ విపత్తు స్పందన దళం ఎంత నేర్పు గలదైనా దారులన్నీ తెగినప్పుడు చేరడానికి గంటలు పడుతుంది. ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న 9 మందిని 2024లో జేసీబీ డ్రైవర్ ఒకరు తెగించి వెళ్లి తీసుకొచ్చారు. ఆ తెగువకు శిక్షణ, లైఫ్ జాకెట్, తాడు తోడవ్వాలన్నదే కేంద్రం నడుపుతున్న ‘ఆపద మిత్ర’ పథకం ఉద్దేశం. ఈ వరదల తర్వాత రాష్ట్రం సొంతంగా విపత్తు స్పందన దళాన్ని సమకూర్చుకుంది. వాగు ఒడ్డు ఊళ్లలోని గజ ఈతగాళ్ల పేర్లు కూడా ఆ దళం దగ్గర ఉండాలి.

కొన్ని చోట్ల మాత్రం ఎంత జాగ్రత్త పడ్డా చాలదు, ఊరు జరగాల్సిందే. సీతారాం తండాకు వచ్చిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సురక్షితమైన చోట ఇళ్లు కట్టిస్తామని హామీ ఇచ్చారు. అలాంటి తరలింపు నిలబడాలంటే కొత్త చోటును తండావాళ్లే ఎంచుకోవాలి. చేనుకు దూరమైతే వాళ్లు మళ్లీ పాత గడపకే వస్తారు.

2025 డిసెంబరు ఎన్నికలతో పల్లెలకు మళ్లీ సర్పంచులు వచ్చారు. ఆకేరు ఒడ్డు పంచాయతీలు మృగశిర కార్తెకు ముందే గ్రామసభ పెట్టి, నీటిపారుదల శాఖ ఏఈని పిలిచి, కట్ట మీద కలిసి నడవాలి. 2024లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో కరెంటు స్తంభాల మీద రంగు గీత గీయించాలి. వాన రాత్రి ఎవరు ఎవరి తలుపు తట్టాలో ఆ సభలోనే పేర్లు రాసుకోవాలి.