బడిపిల్లల దంతములు, ఊళ్ల పటములు

ఆరవయేట బిడ్డకు దవడలో పాలపళ్లన్నిటికిని వెనుకగా ఒక పెద్ద పన్ను మొలచును. దానికి చోటిచ్చుటకై ఏ పాలపన్నును ఊడదు గనుక మన యిండ్లలో పెక్కుమంది దానిని కూడ పాలపన్నే యని తలంతురు. పుచ్చినను, "పోనిండు, మరల వచ్చును" అందురు. అది మరల వచ్చునది కాదు. జీవితాంతము అన్నము నమలవలసిన పన్ను అది. దాని పైభాగమునందలి సన్నని గాడులలో తిండి చిక్కుకొని, మొలచిన కొలది యేండ్లకే పిప్పియగుట సామాన్యము. రక్షింపదలచినచో ఆ కొలది యేండ్లలోనే రక్షింపవలెను. ఆ వయస్సు పిల్లలు ఒక్కచోట దొరకు స్థలము బడి యొక్కటే. దంతవైద్యమును బడికి తీసికొనిపోవలెనను వాదమునకు మూలమిదియే.

పాలపళ్లు పుచ్చిన పిల్లలు లోకమున 51 కోట్ల 40 లక్షలమంది యని ప్రపంచారోగ్యసంస్థ 2022 నివేదికలో లెక్క వేసినది. ఇంతటి వ్యాధికి మన యూళ్లలో సాధారణముగా జరుగు చికిత్స యేది? ఎప్పుడో యొకమారు ఏ సంఘమువారో శిబిరము పెట్టుదురు. పిల్లలను వరుసగా నిలువబెట్టి నోరు తెరిపించి చూతురు. తలకొక బ్రష్షును పేస్టును ఇత్తురు, ఛాయాచిత్రము తీయింతురు, వెళ్లుదురు. వారి సదుద్దేశమును మేము శంకింపము. కాని ఆ శిబిరము పెట్టినది ఏ బడిలో? కారు పోవు దారి యున్న బడిలో. నిరుడు చూచిన బడికే ఈయేడును పోవుదురు. వాగు దాటవలసిన బడికి పోరు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు బడులలో పరీక్షింపవలసిన వ్యాధుల పట్టికయందు దంతవ్యాధియు నున్నది. మంచిదే. పుచ్చిపన్నును కనుగొని చీటి వ్రాసి యిచ్చిన పిదప బిడ్డ యెచ్చటికి పోవలెనన్నదే చిక్కు. మన దేశమున దంతవైద్యులలో అత్యధికులు పట్టణవాసులు. కూలికి పోవు తల్లి ఒకనాటి కూలి మాని, బస్సు చార్జీ పెట్టుకొని, ఇంకను నొప్పి పుట్టని పంటికై బిడ్డను పట్టణమునకు కొనిపోవునా? నొప్పి పుట్టిననాడు పోవును. అప్పటికి తరచుగా పీకుట తప్ప వేరు మార్గముండదు.

కావున పనికి పూనుకొనక ముందు పటము కావలెను. ఏ బడిలో ఎందరి పళ్లు పుచ్చినవి, ఆ పిల్లలు త్రాగు నీరెట్టిది, చికిత్స యెంత దూరమున నున్నది, ఈ మూడును ఒకే కాగితముపై కనబడవలెను.

నీటి మాట యేల యందురేమో. దంతములు ఊరినిబట్టి మారుననుట కొత్త సంగతి కాదు. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు 1901లో వచ్చిన మెకే యను యువ దంతవైద్యుడు అచ్చటి పిల్లల పళ్లపై గోధుమరంగు మచ్చలు చూచి ఆశ్చర్యపడి, ఊరూరును విచారింపసాగెను. ముప్పదియేండ్లకు, 1931లో, చర్చిల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ మచ్చలకు కారణము నీటియందలి ఫ్లోరైడని తేల్చెను. ఆ పిమ్మట డీన్ అను వైద్యుడు 21 పట్టణములలో ఏడువేలకు పైబడిన పిల్లలను పరీక్షించి 1942లో ప్రకటించిన ఫలితములలో, లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడున్నచోట పిప్పిపళ్లు తక్కువగాను, మచ్చలు లెక్కింపదగనంత స్వల్పముగాను కనబడెను. మించినచో హాని, లేనిచో లోపము!

మన గడ్డపైని కథ యింతకంటె కఠినమైనది. షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు పరిశోధకులు 1937లో నెల్లూరు జిల్లాయందలి రోగులను గూర్చి ప్రకటించిరి. పళ్లు గారపట్టుటతో వ్యాధి ఆగలేదు. వెన్నెముకలు బిగిసి వంగలేని పెద్దలను వారు చూచిరి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడు అందు చేరినవి. తెలంగాణములో నల్లగొండకు ఈ వ్యాధివలన వచ్చిన పేరు అందరును ఎరిగినదే. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ నియమము. రాతినేలలలో ఒకే యూరి రెండు బోరుబావులలో ఈ లెక్క వేరువేరుగా నుండవచ్చును. అట్టిచోట జిల్లా అంతటికిని ఒక్క ఉత్తరువు జారీచేయుట యెట్లు? ఒక యూరిలో ఫ్లోరైడుగల పేస్టు పిల్లలకు మేలు. వేరొక యూరిలో మొదట మార్చవలసినది నీరు. పేస్టును మింగు పసివాండ్ర విషయమున అచ్చట మరింత జాగ్రత్త వలెను.

ఈ పటము గీయుటకు నేడు గొప్ప ధనము అక్కరలేదు. ప్రతి బడికిని 11 అంకెల యూడైస్ సంఖ్య యున్నది. బడియున్న చోటును అక్షాంశ రేఖాంశములతో సెల్ ఫోనే చెప్పును. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాధనమున బడులను ఒక పొరగాను, నీటి పరీక్షలను ఒక పొరగాను, ఆసుపత్రులను ఒక పొరగాను పరచవచ్చును. అయితే పటముమీద గీత గీచి కొలిచిన దూరము వేరు, బిడ్డ నడచు దూరము వేరు. గోదావరి మన్యమున నడుమ కొండయో వాగో యున్నచో, పటమున పక్కపక్కనున్న రెండు పల్లెలు వానకాలమున రెండు లోకములు. దారివెంట కొలువని పటము పనికిరాదు.

మరియొక మోసము సగటులో నున్నది. 1938లో క్లైన్, పామర్, నట్సన్ అను వారు బడిపిల్లలను పరీక్షించి, పుచ్చినవి, పోయినవి, పూడ్చినవి యని పళ్లను లెక్కించు పద్ధతిని ఏర్పరచిరి. నేటికిని లోకమున ఆ లెక్కయే వాడుకలో నున్నది. కాని మండలమంతటికి సగటు తీసినచో, పది బడులలోని మంచి నోళ్లు ఒక గూడెములోని చెడిన నోళ్లను కప్పివేయును. బడివారీ లెక్క కావలెను. బిడ్డ పేరు మాత్రము పటమునకు ఎక్కరాదు. పేదవాని నోటిని ఊరిలో ప్రదర్శించుట సేవ గాదు.

బడియందే చికిత్స సాధ్యమా యను సందేహమునకు న్యూజీలాండు సమాధానము చెప్పినది. అచ్చట 1921 నుండి యువతులకు దంతచికిత్సలో శిక్షణ యిచ్చి బడుల ఆవరణములలోనే చికిత్సాలయములు నెలకొల్పిరి. పిల్లలు వాటికి 'హత్యాగృహము' లని పేరు పెట్టిరి గాని, చికిత్స మాత్రము వారి ముంగిటికి వచ్చినది. విద్యుత్తు లేని చోటను చేతిపనిముట్లతో పుచ్చు తీసి పూడ్చు పద్ధతి 1980 తరువాతి యేండ్లలో టాంజానియాలో రూపొందినది. పుచ్చును ఆపు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడును ప్రపంచారోగ్యసంస్థ 2021లో అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. పూసినచోట పుచ్చు నల్లబడును. తల్లులకు ముందుగా చెప్పకున్నచో కలహము తప్పదు.

లెక్క తీయుటకు జూనులో బడులు తెరచిన పిదప ఒకటవ తరగతిని, ఏడవ తరగతిని చూచిన చాలును. ఆరేండ్లవారును పండ్రెండేండ్లవారును చాలవరకు అందే దొరకుదురు. దంతకళాశాలల విద్యార్థులు ఆ పనిని చేయగలరు, చూచువారందరును ఒక్క కొలతతో చూచునట్లు ముందు తరిఫీదు జరిగినచో. ఊరి బోరునీటిని పరీక్షకు పంపి ఫలితమును బడి గోడకు అంటింపుమని పంచాయతీని అడుగుటకు ఏ ఉత్తరువును అక్కరలేదు. జిల్లా కచేరీలో ఆ రెండు లెక్కలును కలిసిననాడు, దంతవైద్యుల బండి వానలకు ముందే ఏ వాగు దాటి రావలెనో పటమే చూపును.