గుండెలోని మండువా

మా అక్కయ్యకు 68 ఏళ్ళు. తెనాలిలో ఉంటుంది. ప్రతి వేసవికీ ఇంటిల్లిపాదికీ ఆవకాయ తానే పెడుతుంది. జాడీ ఎత్తి గదిలో పెట్టే పని కూడా మరొకరికి అప్పగించదు. అటువంటి మనిషి కిందటి వేసవిలో సగం ముక్కలు కలిపి, గోడకు చేరబడి కూర్చుండిపోయింది. "ఏమైందే?" అన్నారు బావగారు. "ఏమీ లేదు లెండి, కాస్త ఆయాసం" అన్నది.

ఆ "కాస్త" ఆరు మాసాలు నడిచింది. వయస్సన్నారు ఒకరు. వాయువన్నారు ఇంకొకరు. ఒక డాక్టరుగారు ఎకో పరీక్ష చేయించి, "గుండె పంపు దివ్యంగా ఉంది, 60 శాతం" అన్నారు. మేమంతా పండుగ చేసుకున్నంత సంతోషించాము. కాని అక్కయ్యకు మాత్రం రెండు తలగడలు వేసుకుంటేనే గాని నిద్ర పట్టడం లేదు. పంపు బాగున్నప్పుడు మరి ఆయాసం దేనికి?

నేను రిటైరైన లెక్కల మేష్టరును. లెక్క కుదరకపోతే నాకు తోచదు. అంచేత అక్కయ్యనూ బావగారినీ వెంటబెట్టుకుని విజయవాడలో ఒక గుండె నిపుణుడి దగ్గరకు వెళ్ళాను. ఆయనకు నా శిష్యుల వయస్సు. పాత కాగితాలన్నీ ఓపికగా చూసి, "మేష్టారూ, అందరూ కింది గదినే చూశారు. పై గదిని అడిగిన వాళ్ళు లేరు" అన్నాడు.

గుండెకు నాలుగు గదులని మనమందరమూ బడిలో చదువుకున్నదే. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఒళ్ళంతటికీ రక్తాన్ని తోసేది ఎడమ జఠరిక. పేరు ప్రతిష్ఠలన్నీ దానివే. దానిపైన, కాస్త వెనకగా, వెన్నెముక వైపు ఒదిగి ఉండేది ఎడమ కర్ణిక. పాశ్చాత్యులు దీనిని ఏట్రియం అంటారు. పూర్వం రోమను ఇళ్ళలో నడిమధ్య ఆకాశం కనిపించే చావడికి ఆ పేరు ఉండేది. కప్పు మీది వాన నీరు అక్కడి తొట్టిలో పడేది. చూడగా అది మన మండువా లోగిలికి అన్నగారే! నాలుగు వైపుల నీరు మండువాలోకి జారినట్టే, ఊపిరితిత్తుల నుంచి సాధారణంగా నాలుగు సిరలు మంచి రక్తాన్ని తెచ్చి ఎడమ కర్ణికలో పోస్తాయి.

ఈ మండువాకు మూడు పనులు. కింది గది ముడుచుకొని రక్తాన్ని ఒంట్లోకి తోస్తున్నంత సేపూ మధ్య తలుపు, అంటే మిట్రల్ కవాటం, మూసి ఉంటుంది. అప్పుడు వచ్చే రక్తాన్ని పట్టి ఉంచడం మొదటి పని. తలుపు తెరుచుకోగానే దారి ఇచ్చి కిందికి పంపడం రెండోది. చివరకు తానే ఒకసారి ముడుచుకొని మిగిలిన దానిని తోయడం మూడోది. ఆరోగ్యవంతుల్లో కింది గదిలో నిండే రక్తంలో సుమారు నాలుగో వంతు దాకా ఈ కడపటి తోపుతోనే వస్తుంది. ముందు కర్ణిక, తరువాత జఠరిక ముడుచుకుంటాయని ఇంగ్లండులో విలియం హార్వే 1628లోనే తన గ్రంథంలో వ్రాశాడు.

"ఇప్పుడు మీ అక్కయ్యగారి సంగతి చూడండి. 20 ఏళ్ళుగా రక్తపోటు. మాత్రలు వరసగా వేసుకుంటున్నారా అమ్మా?" అన్నాడు డాక్టరు.

అక్కయ్య తల వంచుకుంది. శనివారాలూ ఏకాదశులూ ఉపవాసమట. ఉపవాసం నాడు మాత్రలు కూడా మానేస్తుందట!

ఏళ్ళ తరబడి అధిక రక్తపోటుకు ఎదురొడ్డిన జఠరిక గోడ దళసరి అవుతుంది, బిరుసెక్కుతుంది. ముడుచుకోవడంలో లోటు ఉండకపోవచ్చు, అందుకే ఎకోలో 60 శాతం. కాని సడలి, సాగి, రక్తాన్ని లోపలికి రానివ్వడంలో మొరాయిస్తుంది. అప్పుడు పై గది మరింత బలంగా తోయాలి. కొన్నాళ్ళు తోస్తుంది. తరువాత సాగుతుంది, అలసిపోతుంది. మండువాలో నీరు నిలిస్తే వసారాలు తడిసినట్టు, ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల మీదికి వస్తుంది. అదే ఆయాసం.

అక్కయ్యది కొంచెం భారీ శరీరం కావడంతో ఎకోలో కర్ణిక సరిగా కనిపించలేదు. ఎకో ధ్వని తరంగాలతో చేసే పరీక్ష. పక్కటెముకలూ ఊపిరితిత్తులూ అడ్డు వస్తాయి, ఛాతీ మీద పెట్టే పరికరానికి ఎడమ కర్ణిక దూరంగా ఉంటుంది. అంచేత గుండెకు ఎం.ఆర్.ఐ. తీయించమన్నాడు. ఇందులో ఎక్స్‌రేలు లేవు. మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజను కణాలను పెద్ద అయస్కాంతంతో ఒక క్రమంలో నిలిపి, రేడియో తరంగాలతో కదిపి, అవి తిరిగి ఇచ్చే సంకేతాలను బొమ్మగా కూరుస్తారు. ఈ విద్యకు గాను పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ అనే ఇద్దరికి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆసుపత్రిలో అసలు కథ మొదలైంది. లోహం వస్తువేదీ ఒంటి మీద ఉండకూడదన్నారు. గాజులు తీసింది, మెట్టెలు తీసింది, మంగళసూత్రాల దగ్గర మాత్రం ససేమిరా అన్నది. చివరకు బావగారే బజారుకు వెళ్ళి పసుపుతాడూ పసుపుకొమ్మూ తెచ్చారు. అది మెడలో కట్టుకున్నాక గాని సూత్రాలు తియ్యలేదు. తీరా చూస్తే గొలుసుకు నాలుగు పిన్నీసులు! "బంగారం మాట అలా ఉంచండి, ఈ పిన్నీసులుంటే అయస్కాంతం లాక్కుని పోయేది" అన్నది నర్సమ్మ. పేస్‌మేకరు ఉన్నవారు, చెవిలో యంత్రం అమర్చుకున్నవారు, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడినవారు ఆ సంగతి ముందే చెప్పి తీరాలట. ఈమధ్య వచ్చిన పేస్‌మేకర్లలో చాలా వాటికి తగిన జాగ్రత్తలతో ఈ పరీక్ష చేయవచ్చు. కొన్నిసార్లు గడోలినియం అనే మందు కూడా ఎక్కిస్తారు. దానికి ముందు మూత్రపిండాల సంగతి చూసుకోవాలి.

గుండె క్షణం ఆగదు గదా, బొమ్మ ఎలా కుదురుతుందని నాకు సందేహం. ఛాతీకి తీగలు అంటించి, నాడికి సరిగ్గా జత కలిపి బొమ్మలు తీస్తారు. "ఊపిరి తీసుకోండి, వదలండి, ఆపండి" అంటూ పది, పదిహేను సెకన్లు బిగబట్టిస్తారు. "మీ అక్కయ్యకు ప్రాణాయామం నేర్పడం నావల్ల కాలేదు. యంత్రం వల్ల అయింది" అన్నారు బావగారు. లోపల సమ్మెటలతో కొట్టినట్టు ఒకటే చప్పుడట. ముప్పావుగంటకు బయటికి వచ్చి, "కాఫీ ఇప్పించరా తమ్ముడూ" అన్నది.

ఆ బొమ్మలను డాక్టరు సినిమాలాగా వేసి చూపించాడు. కింది గది ముడుచుకుంటే పై గది ఉబ్బుతోంది. తలుపు తెరుచుకుంటే కుంచించుకుపోతోంది. తెల్లగా, నిశ్శబ్దంగా మా అక్కయ్య గుండె నా కళ్ళ ముందు ఆడుతోంది. నాకు గొంతు పట్టేసింది. డాక్టరు అంకెలు చెప్పాడు. అంకెలు నాకు ఊరట. గది పూర్తిగా నిండినప్పుడు 105 మిల్లీలీటర్లు. తాను ముడుచుకోబోయే ముందు 80. పూర్తిగా ఖాళీ అయ్యాక 63. 105 లోంచి 63 తీసివేస్తే 42, అంటే 40 శాతమే ఖాళీ అవుతోంది. ఆరోగ్యవంతుల్లో సగానికి పైగానే ఖాళీ కావాలి. తన బలంతో తోసింది 17 మిల్లీలీటర్లే.

"గది ఎంత పెద్దదని కాదు మేష్టారూ, ఎలా పని చేస్తోందని చూడాలి. రెండు ఇళ్ళల్లో మండువా ఒకే కొలత ఉండవచ్చు. ఒకదాంట్లో నీరు పోతుంది, రెండోదాంట్లో నిలుస్తుంది" అన్నాడు. అమెరికాలో ఆరు ప్రాంతాల నుంచి 45 మొదలు 84 ఏళ్ళ దాకా వయస్సున్న, గుండె జబ్బు ఎరుగని 6,814 మందిని 2000 సంవత్సరం నుంచి చేర్చుకుని పరిశీలిస్తూ వచ్చారు. వారిలో చాలా మందికి గుండె ఎం.ఆర్.ఐ. తీశారు. ఎడమ కర్ణిక సాగి, పనితనం తగ్గినవారికి తరువాతి కాలంలో గుండె నీరసించడం, నాడి తాళం తప్పడం ఎక్కువగా వచ్చాయని తేలింది. అంటే ఈ గది ముందుగానే కబురు పెడుతుందన్నమాట.

తాళం మాట వినగానే డాక్టరు అడగకుండానే అక్కయ్య నోరు విప్పింది. "రాత్రిళ్ళు అప్పుడప్పుడు గుండెలో పిట్ట కొట్టుకున్నట్టు ఉంటుంది. నాన్నకూ అలాగే ఉండేదని అమ్మ చెప్పేది. అందుకే చెప్పలేదు" అన్నది.

మా నాన్నగారు 1979లో ఒక తెల్లవారుజామున పూజకు పూలు కోస్తూ పడిపోయారు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. పదో రోజున పోయారు. అంతకు ముందెప్పుడో ఊరి డాక్టరుగారు నాడి పట్టి చూసి, "తాళం తప్పుతోందే" అన్నారట. ఆ మాట విలువ అప్పుడు మాకు తెలియదు. కర్ణిక ముడుచుకోవడం మాని వట్టినే వణకడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. కర్ణికకు చెవి వంటి చిన్న సంచి ఒకటి ఉంది. వణికే గదిలో రక్తం కదలక ఆ సంచిలో గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. నాన్నగారికి జరిగింది అదేనో కాదో ఇక తేలేది కాదు.

ఎం.ఆర్.ఐ. ఒక్కదానితో ఏదీ తేల్చలేదు. ఛాతీకి అంటించే చిన్న ఇ.సి.జి. యంత్రాన్ని రెండు వారాలు పెట్టారు. రెండో వారంలో ఒక రాత్రి ఏడు గంటల సేపు నాడి తాళం తప్పినట్టు అందులో నమోదయింది. అప్పుడు గాని రక్తం గడ్డ కట్టకుండా చూసే మాత్ర ఇవ్వలేదు.

ఈ యంత్రం సర్వజ్ఞురాలని చెప్పను. ఆయాసం వచ్చిన ప్రతివారూ దీనికోసం పరుగెత్తనక్కర లేదు. ముందు ఎకో చాలు. దానితో తేలనప్పుడే ఇది. కర్ణిక గోడ రెండు మూడు మిల్లీమీటర్ల మందమే గనుక అందులోని మచ్చలను పట్టుకోవడం కష్టం. అటువంటి మచ్చలు ఎక్కువగా ఉన్నవారికి, లోపల కాల్చి తాళం సరిచేసే చికిత్స తరువాత కూడా జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 2014లో ఒక అధ్యయనం చెప్పింది. సరే, ఆ మచ్చలను కూడా కాల్చి చూస్తే? మామూలు చికిత్స కంటె అదనపు ఫలితమేమీ లేదని 2022లో మరో అధ్యయనం తేల్చింది. బొమ్మ కనిపించినంత మాత్రాన వైద్యం దొరికినట్టు కాదు.

కాని పాఠకులు ఇంట్లోనే చేయగలిగినవి రెండున్నాయి. నెలకొకసారి ఇంట్లో పెద్దవాళ్ళ మణికట్టు పట్టుకుని ఒక నిమిషం నాడి చూడండి. తాళం తప్పుతుంటే ఇ.సి.జి. తీయించండి. రక్తపోటు మాత్రలు ఎవరైనా మానుతున్నారేమో కనిపెట్టండి.

ఈ వేసవిలో అక్కయ్య ఆవకాయ పెట్టింది. జాడీ మాత్రం బావగారు ఎత్తారు. మొన్న ఏకాదశి నాడు ఫోను చేసి మాత్ర వేసుకున్నావా అని అడిగాను. "గుక్కెడు నీళ్ళతో మింగితే ఉపవాసం చెడదని పూజారిగారే చెప్పారు. నీ నాడి నువ్వు చూసుకున్నావుట్రా?" అన్నది. చూసుకోలేదు. ఫోను పెట్టేసి చూసుకున్నాను.