డీజిల్ ట్రక్కూ, బి20 పంపూ, పేరిన నెయ్యీ

మా తెలుగు బడికి సొంత భవనం లేదన్న సంగతి మీ అందరికీ తెలిసిందే. పాఠాలు ఒకచోట, పండగలు ఇంకోచోట. అందుకని స్టేజి తెరలు, మైకు సెట్టు, పిల్లల నాటకాల దుస్తులు, గంగాళాలు, బొమ్మల కొలువు మెట్లు అన్నీ ఒక ట్రెయిలర్లో సర్ది, ఏడాదికి ఏడెనిమిది సార్లు ఇక్కడ మిన్నెసోటాలో ఒక హాలు నుంచి ఇంకో హాలుకి లాక్కుపోతూ ఉంటాం. లాగేది మాలో ఒకరి 2008 మోడల్ డీజిల్ పికప్ ట్రక్కు. ఆ బండి మంచిచెడ్డలు చూసే నలుగురు తల్లిదండ్రులం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. "బడి సంచికలో ఇంజను గురించి ఏమిటండీ?" అని సంపాదకవర్గం వారు మొదట నవ్వారు. అయితే 2022 దీపావళి సభలో నరకాసురుడు స్వెటరుతోనూ, సత్యభామ జీన్స్ ప్యాంటుతోనూ యుద్ధం ఎందుకు చేయాల్సి వచ్చిందో పిల్లలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. జవాబు చెప్పాల్సిన బాధ్యత మాదే.

ఆ ఏడు హాలు దొరక్క దీపావళి సభ నవంబరు మధ్యలో ఒక శనివారానికి పెట్టుకున్నాం. పొద్దున్న చలి పది డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంది. ట్రక్కు స్టార్టయింది, ఊళ్ళో బాగానే నడిచింది. మిన్నెసోటా నది వంతెన దాటి లోయలోంచి పైకెక్కే చోట, వెనకాల ఆరువేల పౌండ్ల బరువుతో, ఇంజను ఊపిరాడనట్టు అయిపోయింది. యాక్సిలరేటరు తొక్కినా వేగం లేదు. రోడ్డు పక్కకి తీసి ఆపగానే ఆగిపోయి మళ్ళీ లేవలేదు.

అదృష్టవశాత్తూ మాలో ఒకరి మామగారు పక్క సీట్లోనే ఉన్నారు. విజయవాడ ఆటోనగర్లో ముప్పై ఏళ్ళు లారీల పని చేయించిన మనిషి, మనవరాలి నాటకం చూడడానికి వచ్చారు. "అల్లుడుగారూ, ఇంజనుకేం రోగం లేదండీ. తిండి అందట్లేదు. ముందు డీజిల్ ఫిల్టరు చూపించండి" అన్నారు. ట్రక్కుని వెచ్చటి గరాజికి చేర్చి ఫిల్టరు విప్పిస్తే ఆయన మాటే నిజమైంది. కాగితం మడతల నిండా తెల్లగా, మెత్తగా ఏదో పట్టి ఉంది. "పేరిన నెయ్యిలా ఉందే!" అన్నారాయన. ఆ పోలికలోనే అసలు సంగతంతా ఉంది. వేరే వాళ్ళ బండితో ట్రెయిలరు హాలుకి చేరేసరికి సత్యభామ యుద్ధం గెలిచి భోజనం కూడా చేసేసింది.

మరి ఆ నెయ్యి ఎక్కడినుంచి వచ్చింది? ఆగస్టు పిక్నిక్‌కి వెళ్తూ టాంకు నిండా పోయించాం. పంపు మీద "బి20" అని నీలం లేబులు ఉంది. దానర్థం ఏమిటని ఎవరమూ ఆలోచించలేదు. ఆ తరువాత ట్రక్కు దాదాపు కదల్లేదు. ఇంటికొచ్చి ట్రక్కు పుస్తకం తీస్తే, అందులో "బయోడీజిల్ 5 శాతం మించరాదు" అని స్పష్టంగా అచ్చయి ఉంది. పైగా ఫిల్టరు మార్చి రెండేళ్ళు దాటింది. కాబట్టి తప్పు పంపుదీ కాదు, ట్రక్కుదీ కాదు.

పిల్లలూ, బయోడీజిల్ అంటే నూనెతోనో కొవ్వుతోనో చేసిన ఇంధనం. ఈ దేశంలో ఎక్కువగా సోయా నూనె వాడతారు. సుమారు వంద పౌండ్ల నూనెకి పది పౌండ్ల మెథనాల్ కలిపి, కొంచెం క్షారం వేసి వేడిచేస్తే, వంద పౌండ్ల బయోడీజిలూ పది పౌండ్ల గ్లిజరినూ విడిపోతాయి. "బి" పక్కన ఉన్న అంకె, ఆ డీజిల్లో నూటికి ఎన్ని పాళ్ళు బయోడీజిల్ ఉందో చెబుతుంది. నూనెతో ఇంజను నడపడం కొత్త ముచ్చటేమీ కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనుని వేరుశనగ నూనెతో నడిపి చూపించారని, ఆ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ స్వయంగా చెప్పాడు. ఈ మాట చెప్పగానే మాలో అనంతపురం ఆయన కాలరు ఎగరేశారు.

అలాగని గారెలు వేయించగా మిగిలిన నూనె వడగట్టి టాంకులో పోయకూడదు. ఏటా సంక్రాంతి భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. పచ్చి నూనె డీజిల్ కన్నా పదిరెట్లకు పైగా చిక్కన. ఈనాటి ఇంజన్ల సన్నటి ఇంజెక్టర్లు దాన్ని భరించలేవు. మెథనాల్‌తో విడగొడితేనే అది బయోడీజిల్ అవుతుంది.

మా రాష్ట్రంలో ఈ గొడవ తప్పించుకోవడం కష్టం. డీజిల్లో బయోడీజిల్ తప్పనిసరి అని దేశంలో మొదట చట్టం చేసింది మిన్నెసోటానే. 2005లో 2 శాతంతో మొదలైంది. ఆ తొలి చలికాలంలోనే ఫిల్టర్లు మూసుకుపోతున్నాయని లారీలవాళ్ళు గోల పెడితే కొన్నాళ్ళు ఆపి, సరుకు నాణ్యత సరిచేసి మళ్ళీ మొదలుపెట్టారు. 2009లో 5 శాతం, 2014 నుంచి వేసవిలో 10, 2018 నుంచి వేసవిలో 20 అయింది. చలికాలంలో మాత్రం 5. అంటే ఎండాకాలమంతా మామూలు డీజిల్ పంపులో వచ్చేది బి20. అది పడని ట్రక్కు ఉన్నవాళ్ళ పాట్లు వాళ్ళవి. ఇల్లినాయిలో పద్ధతి వేరు. అక్కడ 2003 నుంచి 10 శాతం దాటిన మిశ్రమాలకి అమ్మకం పన్ను మినహాయింపు ఇచ్చారు కనుక, చట్టం బలవంతం లేకుండానే అటువంటి సరుకు పంపుల్లో నిండిపోయింది. చికాగో బంధువుల ఇంటికి బండి వేసుకుని వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పంపు మీద లేబులు విషయంలో ఒక చిక్కు ఉంది. ఈ దేశపు ప్రమాణం ప్రకారం 5 శాతం వరకూ బయోడీజిల్ కలిసినా దాన్ని మామూలు డీజిల్ అనే అంటారు, లేబులు అక్కర్లేదు. 5 దాటితేనే నీలం లేబులు పెట్టాలి. అయితే ఆ లేబులు మీద చాలాసార్లు "5 నుంచి 20 శాతం మధ్య" అని మాత్రమే ఉంటుంది. లోపల ఉన్నది 6 శాతమో 20 శాతమో చూసి చెప్పలేం. ఇంకొకటి, రెన్యువబుల్ డీజిల్ అని కాలిఫోర్నియాలో విరివిగా దొరికేది వేరే పదార్థం. అదీ నూనెలతోనే చేస్తారు కాని, హైడ్రోజన్‌తో శుద్ధి చేశాక దాని నిర్మాణం మామూలు డీజిల్ లాగే ఉంటుంది. ఈ 5, 20 గొడవ దానికి లేదు. ఇండియా నుంచి చుట్టాలు ఫోన్ చేసి అడిగే "ఇ20" కూడా వేరే. అది పెట్రోల్లో కలిపే ఇథనాల్ సంగతి.

కంపెనీలు హద్దు ఎందుకు పెడతాయి? చలి ఒక కారణం. సోయా బయోడీజిల్ 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపుల్లోనే మబ్బుపట్టినట్టై స్ఫటికాలు కట్టడం మొదలుపెడుతుంది. శీతాకాలపు డీజిల్ అంతకన్నా చాలా కింద దాకా తట్టుకుంటుంది. బయోడీజిల్ పాలు పెరిగిన కొద్దీ మిశ్రమం త్వరగా పేరుతుంది. తేమని కూడా అది డీజిల్ కన్నా ఎక్కువ పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవుంటే చెడుతుంది. పాత టాంకులో పేరుకున్న మడ్డిని కరిగించే గుణం కూడా ఉండడంతో, కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఆ మడ్డంతా వచ్చి ఫిల్టర్లో పడుతుంది.

అన్నిటికన్నా మమ్మల్ని ఆశ్చర్యపరిచింది ఇంజను ఆయిల్ సంగతి. 2007 తరువాత వచ్చిన డీజిల్ ట్రక్కుల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడు అదనంగా ఇంధనం ఖర్చుచేసి ఆ మసిని కాలుస్తారు. మా ట్రక్కు లాంటి వాటిలో ఆ అదనపు ఇంధనాన్ని సిలిండర్లోకే ఆలస్యంగా చిమ్ముతారు. అందులో కొంత గోడల మీంచి జారి ఆయిల్లో కలుస్తుంది. డీజిల్ అయితే ఆయిల్ వేడికి కొంత ఆవిరైపోతుంది. బయోడీజిల్ అంత తేలిగ్గా ఆవిరవదు, అక్కడే ఉండిపోయి ఆయిల్‌ని పలచన చేస్తుంది. 2011 మోడల్ నుంచి జనరల్ మోటర్స్, ఫోర్డ్ పెద్ద డీజిల్ పికప్‌లకి బి20 వరకూ అనుమతి ఉంది. అంతకుముందు మోడళ్ళూ, యూరప్ కంపెనీల డీజిల్ ఎస్‌యూవీలు కొన్నీ 5 దగ్గరే ఆగుతాయి. మీ బండికి ఎంతన్నది మీ పుస్తకంలోనే చూడండి. స్నేహితుడి బండి పుస్తకం పనికిరాదు.

బరువు లాగేవాళ్ళకి ఒక మంచీ ఒక చెడూ ఉన్నాయి. బరువుతో దూరం వెళ్తే పొగగొట్టం బాగా వేడెక్కి మసి తనంతట తానే కాలిపోతుంది. అదనపు చిమ్మడం అవసరం తగ్గుతుంది. ఇంటి దగ్గర ఇంజను ఆన్ చేసి ఊరికే నిలబెట్టడమే చేటు. చెడేమిటంటే, ట్రెయిలరుతో మెట్ట ఎక్కేటప్పుడు ఇంజనుకి ఇంధనం చాలా ఎక్కువ కావాలి. సగం మూసుకున్న ఫిల్టరు ఖాళీ బండికి సరిపోతుంది, వారమంతా ఏ సూచనా ఇవ్వదు. తీరా బరువు తగిలించి లోయ ఎక్కేటప్పుడు బయటపడుతుంది. మాకు జరిగింది సరిగ్గా ఇదే.

ఇప్పుడు మేం చేస్తున్నది చెబుతాం. వేసవిలో వీలైనప్పుడు సెయింట్ క్రోయ్ నది దాటి విస్కాన్సిన్ వైపు, నీలం లేబులు లేని పంపులో పోయించుకుంటున్నాం. కుదరనప్పుడు ఇక్కడ బి20 అవసరమైనంతే పోయిస్తాం, టాంకు నింపం. ఆ వేసవుల్లో ఆయిల్ పుస్తకంలో చెప్పినదానికన్నా ముందే మారుస్తాం. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గడమే కాదు, పెరగడం కూడా చూస్తాం. పెరిగిందంటే ఇంధనం కలుస్తోందని అర్థం. ఫిల్టరు కిందున్న నీళ్ళు నెలకోసారి వదిలేస్తాం. ఏటా సెప్టెంబరులో కొత్త ఫిల్టరు, ట్రక్కులో ఒకటి అదనం. జెల్ కట్టకుండా వేసే మందు ఇంకా వెచ్చగా ఉండగానే వేయాలి. పేరాక పోస్తే పెద్దగా ఫలితం ఉండదు, పైగా డీజిల్ మైనానికి పనిచేసినంతగా బయోడీజిల్‌కి పనిచేయదు. డీజిల్ రసీదులు కూడా దాస్తున్నాం. ఇంధనం వల్ల వచ్చిన చెడుపుకి ట్రక్కు కంపెనీ వారంటీ వర్తించదు కనుక, ఎక్కడ ఏది పోయించామో రుజువు ఉండాలి.

అక్టోబరు రాగానే టాంకు "కడుగుతాం". కడగడమంటే లెక్కే. మూడో స్థాయి పిల్లల చేత దీన్ని తెలుగులో చెప్పించాం. ముప్పై ఆరు గాలన్ల టాంకులో సగం బి20 ఉంది, అంటే బయోడీజిల్ 3.6 గాలన్లు. మిగతా సగం బి5 పోస్తే ఇంకో 0.9. మొత్తం 4.5, అంటే పన్నెండున్నర శాతం. బండి తిప్పి తొమ్మిది గాలన్లకి వచ్చాక మళ్ళీ బి5తో నింపితే ఏడుకి కొంచెం తక్కువ. "ఇంకోసారి పోస్తే అయిదు అవుతుందా?" అని అడిగాం. "దగ్గరికి వస్తుంది గాని ఎన్నిసార్లు పోసినా అయిదు అవదు మాస్టారూ" అని వెనక బెంచీలోంచి ఒక పాప వెంటనే చెప్పింది. అందుకే బి20 అడుగంటే దాకా వాడి, ఆ తరువాతే చలికాలపు డీజిల్ నింపుతున్నాం.

ఆ తరగతి పిల్లలే ఒక అట్టముక్క మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో "అయిదు దాకానే. లేబులు చదివి పోయండి" అని రాసి, ప్లాస్టిక్ కాగితం చుట్టి ట్రక్కు టాంకు మూత లోపల అంటించారు. "చదివి"లో "ది"కి గుడి కాస్త వంకరపోయింది. అలాగే ఉంచాం.