ఐదు నిమిషాల పని వెనక

హస్తకళల మేళాలో లేత్ దగ్గర జనం ఆగిపోయే ఘడియ ఒకటుంటుంది. గిర్రున తిరుగుతున్న తెల్లటి కర్రకు కళాకారుడు ఎర్రటి లక్క కడ్డీ ఆనిస్తాడు. కుంచె లేదు, రంగు డబ్బా లేదు, తడి అసలే లేదు. అయినా రంగు కర్రను అంటుకుని చుట్టూ పాకిపోతుంది. ఆ మీద మొగలి ఆకు ముక్క నొక్కిపెడితే అద్దంలా మెరుస్తుంది. పిల్లలు కళ్ళార్పరు, పెద్దవాళ్ళు ఫోన్లు పైకెత్తుతారు. కాసేపటికి బొంగరం బల్ల మీదికి వస్తుంది. ధర చెప్పగానే ఎవరో ఒకరు అననే అంటారు: "ఐదు నిమిషాల్లో చేసేశావుగా బాబూ, దానికి అంత రేటా?"

అన్నవాళ్ళను తప్పుపట్టలేం. వాళ్ళు చూసింది ఐదు నిమిషాలే. చేసి చూపించకపోతే ఈ పని ఒకటుందని జనానికి తెలియదు. చూపిస్తే ఇంత తేలికా అనిపిస్తుంది. చెయ్యి ఎంత తిరిగితే పని అంత తేలిగ్గా కనిపిస్తుంది, బేరం అంత గట్టిగా సాగుతుంది. కర్రను తిప్పి బతికేవాళ్ళకు ఎక్కడైనా ఎదురయ్యే చిక్కే ఇది. ఆ ఐదు నిమిషాలకు ముందు ఏముందో ఒకటొకటిగా చూద్దాం.

ముందు పనేమిటో. కొండపల్లి బొమ్మను పొనికి కర్రతో చెక్కుతారు, ముక్కలుగా చేసి అతుకుతారు. అక్కడ కర్ర కదలదు, ఉలి కదులుతుంది. లేత్ మీద కర్ర తిరుగుతుంది, ఉలి దాదాపు నిలకడగా ఉంటుంది. కుమ్మరి సారెను పక్కకు పడుకోబెట్టినట్టు ఊహించుకోవచ్చు. ఒక్క తేడా: మట్టి ఎక్కువ తీస్తే మళ్ళీ అద్దుకోవచ్చు, కర్రలో పోయింది పోయినట్టే. మంచం కోళ్ళు, కవ్వం, అప్పడాల కర్ర, బొంగరం, కుంకుమ భరిణ, చదరంగం పావులు, ఇవన్నీ ఈ పనిలోంచి వచ్చినవే. తరిణి పని అని పాత పేరు. పని ఎంత పాతదంటే, ఈజిప్టులో క్రీస్తుకు పూర్వం సుమారు 300 నాటి పెటోసిరిస్ సమాధి గోడ మీద ఇద్దరు మనుషులు లేత్ పని చేస్తున్న బొమ్మ ఉంది. ఒకరు తాడు లాగి తిప్పుతుంటే ఇంకొకరు ఉలి పట్టుకున్నారు. కరెంటు మోటార్లు రాకముందు మన ఏటికొప్పాకలోనూ అంతే. లాగేవాళ్ళు ఒకరు, చెక్కేవాళ్ళు ఒకరు.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. ఈ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మళ్ళీ సహజ రంగుల వైపు ఈ కళను నడిపించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇక్కడి కర్ర అంకుడు. పాలకొడిశ అనీ అంటారు, కొమ్మ గిల్లితే పాలు కారతాయి కనుక. కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. చార దగ్గరగా, సన్నగా ఉండి ఉలికి సాఫీగా తెగుతుంది, లక్క మరక లేకుండా పట్టుకుంటుంది. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలదీ ఇదే కర్ర.

అసలు పని కొట్టి తెచ్చిన కర్రను పక్కన పెట్టడంతో మొదలవుతుంది. చూసేవాళ్ళకు కనిపించనిది ఇక్కడే ఎక్కువ, అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

పచ్చి కర్ర నిండా నీళ్ళే. కణాల బోలులో ఉన్న నీరు ముందు పోతుంది. బరువు తగ్గుతుంది, ఆకారం మారదు. ఆ తర్వాత కణాల గోడల్లో ఇమిడి ఉన్న నీరు పోవడం మొదలైనప్పుడు కర్ర ముడుచుకుంటుంది. అదీ అన్ని వైపులా ఒకే తీరున కాదు. చెట్టు వయసు చెప్పే వలయాల వెంబడి ఎంత ముడుచుకుంటుందో, నడిమి నుంచి బెరడు వైపుకు దాదాపు అందులో సగమే. నిలువునా అయితే పట్టించుకోనక్కర్లేనంత. చుట్టుకొలత ఎక్కువ తగ్గి, లోపలి కొలత తక్కువ తగ్గితే ఏమవుతుంది? దుంగ ఎక్కడో ఒకచోట నోరు తెరుస్తుంది. ఎండిన దుంగ కోసిన ముఖం మీద నడిమి నుంచి అంచుకు పోయే ఆ పగులు అలా పుట్టిందే. నీరు కోసిన చివర్ల నుంచి తొందరగా పోతుంది కాబట్టి పగులూ అక్కడే మొదలవుతుంది. చివర్లకు మైనం పూసి నీడలో పెట్టడం అందుకే. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కదా అనుకున్నవాడికి వంటచెరకు మిగులుతుంది.

అంగుళం మందానికి ఒక ఏడాది అని చాలా దేశాల పనివాళ్ళు లెక్క చెప్పుకుంటారు. చిన్న బొమ్మల కర్రకు అంత అక్కర్లేదు గానీ పెద్ద గిన్నెకు అన్నాళ్ళు ఆగడం కష్టం. అందుకే వాళ్ళదొక ఉపాయం ఉంది. పచ్చి కర్రనే ముందు మోటుగా గిన్నెగా తిప్పుతారు. గోడ మందం వెడల్పులో పదో వంతు వదులుతారు, పది అంగుళాల గిన్నెకు ఒక అంగుళం. దాన్ని నెలల తరబడి అరలో పెట్టి వారానికోసారి తూకం వేస్తారు. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. అప్పటికి గిన్నె గుండ్రం పోయి కోడిగుడ్డులా సాగి ఉంటుంది. ఆ వంకర పోయేలా మళ్ళీ తిప్పడానికే ఆ అంగుళం వదిలింది. పనితనమున్నవాళ్ళ కొట్టులో ఇలా సగంలో ఆగిన గిన్నెలు వరసగా కనిపిస్తాయి. వాటిలో కొన్ని అరలోనే పగిలిపోతాయి. మిగిలినవాటి ధరలో ఆ పగిలినవీ ఉంటాయి.

ఇక ఉలి. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ఉలి అంచును నేరుగా కర్రకు గుచ్చడం. అంచు లోపలికి దిగబడుతుంది, ఉలి చేతిలోంచి ఎగిరిపోయినంత పని అవుతుంది. నేర్పున్నవాళ్ళు ముందు ఉలి వెనక వాలును కర్ర మీద ఆనిస్తారు. అది తెగదు, ఊరికే రాసుకుంటుంది. అప్పుడు పిడిని మెల్లగా పైకి లేపితే అంచు కర్రను అందుకుంటుంది, పొట్టు రిబ్బనులా లేస్తుంది. కవ్వం లాంటి పొడుగు కర్రలో తెగేది ఎప్పుడూ లావు వైపు నుంచి సన్నం వైపుకే పోవాలి. ఎదురు దిక్కున పోతే నారల చివర్లు లేచి చిరుగుతాయి. పిల్లి వీపు మీద తలవైపుకు నిమిరితే వెంట్రుకలు లేచినట్టే.

ఈ తేడా చెవికి ముందు తెలుస్తుంది. బాగా తెగుతున్న ఉలి నిలకడగా బుసకొడుతుంది. మొద్దుబారినదీ తప్పు కోణంలో ఉన్నదీ టకటకమంటుంది. అమెరికాకు చెందిన డేవిడ్ ఎల్స్‌వర్త్ సన్నటి రంధ్రంలోంచి ఉలి పంపి, కాగితంలా పలుచటి గోడలు మిగిలేలా బోలు పాత్రలు తీర్చి పేరు తెచ్చుకున్నాడు. ఉలి మొన లోపల ఏం చేస్తోందో కంటికి ఆనని పని అది. గోడ ఎంత పలుచబడిందో మారుతున్న శబ్దమే చెప్పాలి. అమెరికాలోని లేత్ పనివాళ్ళ సంఘం 1986లో ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. ఏటేటా ఆ సంఘం పెట్టే సభల్లో పెద్ద పనివాళ్ళు వేదిక మీదే కర్ర తిప్పి చూపిస్తారు. ఇలాంటి చోట్లకు కళ్ళతో పాటు చెవులూ తీసుకెళ్ళాలి. మన మేళాల్లో మైకు హోరులో అందేది సగమే.

వేగం గురించి ఒక మాట. వెడల్పును అంగుళాల్లో, నిమిషానికి చుట్లను లెక్కపెట్టి రెండిటినీ గుణిస్తే 6000కు 9000కు మధ్య ఉండాలని ఒక వాడుక సూత్రం. రెండంగుళాల బొమ్మను 3000 చుట్లతో తిప్పినా ఫరవాలేదు, పది అంగుళాల గిన్నెను 900 దాటించకూడదు. ఆ 900 చుట్ల దగ్గరే గిన్నె అంచు గంటకు 43 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. దానిలో కనిపించని పగులు ఉంటే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. వదులు చేతుల చొక్కా, కండువా, విరబోసిన జుట్టు లేత్ దగ్గరికి రాకూడదు. దుమ్ము ఇంకా చెడ్డది. కర్ర దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. మేళాలో మూతికి గుడ్డ కట్టుకుని పనిచేస్తే చూసేవాళ్ళకు మొహం కనిపించదని తీసేస్తుంటారు. అది నాకు ఎప్పుడూ నచ్చదు. మొహం కనిపించకపోయినా ఫరవాలేదు, కట్టుకోవాలి.

ఇప్పుడు ఆ ఐదు నిమిషాల దగ్గరికి వద్దాం. లక్క ఒక పురుగు చేసేది. కుసుమ, మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడే లక్క. దాన్ని శుభ్రం చేసి, వేడి మీద మెత్తబరిచి, రంగు కలిపి బాగా పిసికి కడ్డీలు చేస్తారు. ఎరుపుకు జాఫ్రా గింజలు, పసుపుకు పసుపు, నీలానికి నీలిమందు. పసుపూ నీలీ కలిస్తే ఆకుపచ్చ. నీళ్ళు మరిగే వేడి కన్నా బాగా తక్కువ వేడికే లక్క కరుగుతుంది. తిరిగే కర్రకు కడ్డీ ఆనిస్తే రాపిడికి పుట్టే వేడి చాలు, కరిగి పూతగా పరుచుకుంటుంది. కర్ర ఆగిన మరుక్షణం గట్టిపడుతుంది. అంటే ఈ రంగు వేయాలంటే వస్తువు తిరుగుతూనే ఉండాలి. కుర్చీకో పెట్టెకో ఇలా వేయడం కుదరదు. పనికీ పూతకూ ఇంత చక్కగా జత కుదిరిన కళలు తక్కువ. పసిపిల్లలు ప్రతి బొమ్మనూ నోట్లో పెట్టుకుంటారు కాబట్టి సహజ రంగుల వైపు మళ్ళీ తిరగడం వ్యాపారపు ఎత్తు మాత్రమే కాదు. రసాయన రంగులు పని తేలిక చేశాయి, నిజమే. నా మట్టుకు నేను ఇంట్లో పసివాడుంటే జాఫ్రా ఎరుపునే కొంటాను.

"ఇన్ని ఆకారాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అన్నది మేళాల్లో వినిపించే రెండో ప్రశ్న. ఇది మొదటిదాని కన్నా మంచి ప్రశ్న. లేత్ ఇచ్చేది ఒక్కటే, గుండ్రం. చేతిలో మిగిలేది పక్క గీత ఒక్కటే. ఎక్కడ ఉబ్బాలి, ఎక్కడ నొక్కుకుపోవాలి, వంపు ఎక్కడ తిరగాలి. అందుకే వీళ్ళ కళ్ళు ఎప్పుడూ నీడలనే వెతుకుతాయి. గోడ మీద పడిన చెంబు నీడ, గుడి ధ్వజస్తంభం మీది పలకలు, తామర మొగ్గ, ఈత పండు, దొంతి పెట్టిన కుండల వరస. ఏటికొప్పాకలో పెళ్ళి మేళం బొమ్మను తీసి చూడండి. తల ఒక గోళం, తలపాగా ఇంకో గోళం, నడుము ఒక గంట, డోలు ఒక పీపా. ఎద్దుల బండి చక్రం నుంచి వీణ కాయ దాకా ఒక్కొక్కటీ విడిగా లేత్ మీద పుట్టి ఒకచోట చేరినవే. మనిషిని గుండ్రాలుగా విడదీసి చూడగలిగిన చూపే వీళ్ళ ఊహ.

ఆ చూపు కుదరాలంటే చేసిందే చెయ్యాలి. ఇక్కడే చాలామంది ఆశ పడిపోతుంది. రోజూ కొత్త వస్తువు చెయ్యడం కాదు వృత్తి అంటే. మంచానికి నాలుగు కోళ్ళూ ఒకేలా ఉండాలి. చదరంగం జతలో పదహారు బంట్లూ ఒకేలా ఉండాలి. మెట్ల కటకటాలకు ఆర్డరొస్తే నలభై యాభై కర్రలు. పనివాళ్ళు ఒక పట్టీ మీద గుర్తులు గీసుకుని, తిరిగే కర్రకు దాన్ని చూపించి గీతలు పెట్టుకుంటారు. పదో బంటుకల్లా పట్టీ చూడ్డం తగ్గుతుంది. చెయ్యి ఆ వంపును తనంతట తనే పోతుంది. అలా పోగలిగిన చేతికే, పదకొండో బంటు దగ్గర మెడ కాస్త సన్నం చేస్తే బాగుంటుందేమో అన్న ఆలోచన వస్తుంది. కొత్త ఆకారాలు ఎక్కువగా పుట్టేది అక్కడే. పొద్దున్నే కూర్చుని ఇవాళ కొత్తది చేద్దాం అనుకున్న రోజున వచ్చేవి తక్కువ.

చేసి చూపించడం ఎందుకంత ముఖ్యమో ఇంగ్లండులోని ఒక కథ చెబుతుంది. బర్క్‌షైర్‌లోని బకిల్‌బరీ కామన్ అనే చోట జార్జ్ లెయిలీ అనే గిన్నెల పనివాడుండేవాడు. కాలితో తొక్కితే వంగిన గెడ మళ్ళీ పైకి లాగే పాతకాలపు లేత్ మీద, ఒకే దుంగలోంచి ఉల్లిపొరల్లా ఒకదాని లోపల ఒకటిగా గిన్నెలు తీసేవాడు. దానికి వంకర కొక్కెపు ఉలులు కావాలి. 1958లో ఆయన పోయాక ఆ పని పట్టుకునే వారసుడు లేడు. లేత్, ఉలులు రెడింగ్‌లోని గ్రామీణ జీవన మ్యూజియానికి చేరాయి. 1990లలో రాబిన్ వుడ్ అనే ఆయన ఆ పని మళ్ళీ చెయ్యాలనుకున్నప్పుడు అడగడానికి మనిషి లేడు. మ్యూజియంలోని లేత్‌నూ ఉలులనూ పరిశీలించి, అలాంటి కొక్కేలు తానే కాల్చి సాగగొట్టుకుని, చేసి చెడగొట్టి నేర్చుకున్నాడు. పక్కన నిలబడి ఒక పూట చూసినవాడికి దొరికేదానికి ఆయన అంత తిప్పలు పడ్డాడు. ఉలి ఏ కోణంలో ఆనించాలో ఇనుము చెప్పదు.

అంచేత మేళాల్లో ప్రదర్శనలు తగ్గించాలని నేను అనను, ఇంకాస్త వెనకనుంచి మొదలుపెడితే బాగుండునంటాను. లక్క దగ్గర మొదలుపెట్టి లక్క దగ్గర ముగించేది చూడ్డానికి బాగుంటుంది, నిజం చెప్పదు. బల్ల మీద మైనం పూసిన పచ్చి దుంగ ఒకటి, అరలో పగిలిన ముక్కలు రెండు, వంకరపోయిన మూత ఒకటి పెట్టి, వాటి కథ చెప్పి అప్పుడు మోటారు వేస్తే ఎదుటివాళ్ళ ప్రశ్న మారుతుంది. అంకుడు కర్ర దొరకడమే కష్టమవుతున్న రోజుల్లో ఒక అంకుడు మొక్కనూ పక్కన పెడితే ఇంకా మంచిది.

వంకరపోయిన మూత అన్నాను కదా. కుంకుమ భరిణకు మూత కుదర్చడం ఈ పనిలో చిన్నగా కనిపించే పెద్ద పరీక్ష. వదులైతే సంచిలో కుంకుమ ఒలుకుతుంది. బిగువైతే వానాకాలం గాలిలోని తేమకు కర్ర ఉబ్బి ఇక రానంటుంది. రెండిటికీ మధ్య ఉన్న సందు కాగితం మందం కూడా ఉండదు. ఆరని కర్రతో చేసిన భరిణ కొన్నరోజు హాయిగా తెరుచుకుంటుంది, ఆర్నెల్లకు మూత ఒకవైపు పట్టి ఒకవైపు జారుతుంది. ఆరిన కర్రతో కుదిరిన మూతను నిదానంగా లాగితే లోపలి గాలి కాస్త పట్టి ఆపి, చివరికి 'టప్' మని వదులుతుంది. ధర చెప్పేముందు పనివాడు భరిణను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు తీసి మూస్తాడు. ఆ చప్పుడు విన్నాకే కొనేవాళ్ళ చేతిలో పెడతాడు.