పెద్దవారి పావుగంట

మా నాన్నగారు కలెక్టరు కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. ఏటా జనవరి ఒకటో తారీఖున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒక నిమ్మకాయ చేతబట్టుకుని పై అధికారిగారి ఇంటికి వెళ్ళి వచ్చేవారు. "ఒక్క నిమ్మకాయకే ఆయన పొంగిపోతారా నాన్నా?" అని నేను నవ్వితే, "పెద్దవాళ్ళ దగ్గిరికి ఉత్తచేతులతో వెళ్ళకూడదురా. అలాగని చెయ్యి చాపుకునీ వెళ్ళకూడదు" అనేవారు. ఆ రెండో మాట విలువ న్యూయార్కు వెళ్ళేదాకా నాకు తెలిసిరాలేదు.

2013 లో అక్కడ ఎం. బి. ఏ. లో చేరాను. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుతో చదువు. అంచేత నా చూపంతా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఉద్యోగం మీదే. ఇది మన ఊళ్ళో పాసుపుస్తకం ఇచ్చే బ్యాంకులాంటిది కాదు. ఒక కంపెనీ మరొకదాన్ని కొనాలన్నా, రెండూ కలిసిపోవాలన్నా, వాటాలు అమ్మి డబ్బు సమకూర్చుకోవాలన్నా మధ్యన నిలిచి వ్యవహారం నడిపేది ఇదే. మన పెళ్ళిళ్ళ పేరయ్య చేసే పనే; కాకపోతే కట్నాలు కోట్ల డాలర్లలో ఉంటాయి.

పేర్లు కాస్త అటూ ఇటూ అయినా, ఇందులో మెట్లు ఐదు. అడుగున ఎనలిస్టు, ఆపైన అసోసియేటు, వైస్ ప్రెసిడెంటు, డైరెక్టరు, అందరి మీదా మేనేజింగ్ డైరెక్టరు. వైస్ ప్రెసిడెంటంటే సంస్థకు ఉపాధ్యక్షుడని హడలిపోకండి. నడిమి మెట్టు, అంతే. ఎం. బి. ఏ. వాళ్ళు చేరేది అసోసియేటుగా. మొదటి ఏడాది జనవరి ప్రాంతాల ఇంటర్వ్యూలు. ఆ వేసవిలో పది వారాలు పని. అందులో మెప్పిస్తే చదువయ్యాక ఉద్యోగం. కాబట్టి ఇంటర్వ్యూకు పిలిచే వాళ్ళ జాబితా తయారయ్యే లోపలే బ్యాంకులో నలుగురికి మన పేరు తెలియాలి. అందుకని చలికాలం వచ్చేదాకా కుర్రాళ్ళంతా "కాఫీకి వీలవుతుందా?" అని బ్యాంకుల వాళ్ళకు ఉత్తరాలు రాస్తూ ఉంటారు.

మా పెద్దమ్మగారి అబ్బాయి స్నేహితుడి ద్వారా నాకు ఏకంగా ఒక మేనేజింగ్ డైరెక్టరుగారి దర్శనమే దొరికింది. వ్యవధి పావుగంట. కూర్చోగానే నా మార్కులు, మా ఇంటి ఇబ్బందులు ఏకరువు పెట్టి, "మీ బ్యాంకులో నాకు ఉద్యోగం ఇప్పించాలి" అన్నాను. ఆయన మర్యాదగానే నవ్వి, రిక్రూట్‌మెంట్ శాఖకు దరఖాస్తు పంపమని చెప్పి లేచి నిలబడ్డారు. గడియారం చూసుకున్నాను. ఆరు నిమిషాలు! ఆ రాత్రి నాన్నగారికి ఫోను చేసి, "బాగానే మాట్లాడారు" అని అబద్ధమాడాను.

నాకంటే ఒక ఏడాది ముందు చేరిన ఒకావిడ జాలిపడి అసలు సంగతి చెప్పింది. "ఎంత పెద్దాయనైనా తానొక్కడే నీకు ఉద్యోగం ఇవ్వలేడు. జాబితా వేసేది కింది మెట్ల వాళ్ళు కూడబలుక్కుని. ఉద్యోగం అడిగితే ఆయన తప్పించుకోక తప్పదు. తనకు తెలిసిన విషయం అడిగితే మాత్రం సంతోషంగా చెబుతాడు."

అప్పటినుంచి నా పద్ధతి మార్చాను. ముందు ఎనలిస్టులతోను, అసోసియేటులతోను మాట్లాడాను. పెద్దవారిని కలవబోయే ముందు వారి బృందం కుదిర్చిన బేరాల్లో పత్రికలకెక్కినవి చదివి, మూడంటే మూడు ప్రశ్నలు రాసుకున్నాను. "ఆ రెండు కంపెనీలూ కలవడానికి అన్నిటికన్నా అడ్డొచ్చింది ఏది?" అని అడిగితే, చేతి గడియారం చూసుకుంటున్న మనిషి కాస్తా కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అదే నా నిమ్మకాయ! పావుగంట కాగానే నేనే లేచేవాణ్ణి. మర్నాటికల్లా నాలుగు వాక్యాల్లో కృతజ్ఞతలు రాసేవాణ్ణి. నెల తరవాత, వారి సలహా ప్రకారం ఏం చేశానో తెలియజేస్తూ మరో ఉత్తరం. ఇంటి పేరు, ఒంటి పేరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకునేవాణ్ణి. మా తరగతి కుర్రాడొకడు ఒక బ్యాంకుకు రాసిన ఉత్తరంలో పోటీ బ్యాంకు పేరు ఉంచేశాడు. దానికి మళ్ళీ జవాబు రాలేదు!

చివరికి జాబితాలో నా పేరు చేర్చమన్నది ఏ మేనేజింగ్ డైరెక్టరూ కాదు. ఫోనులో రెండే రెండుసార్లు మాట్లాడిన ఒక అసోసియేటు. ఇది వింతేమీ కాదట. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికను సమాజ శాస్త్రజ్ఞుడు, బోస్టను నగరం పక్కన ఒక ఊళ్ళో, పరిచయాల మూలంగా ఉద్యోగం దొరికిన వాళ్ళను ప్రశ్నించి 1973 లో ఒక వ్యాసం ప్రకటించాడు. నూటికి సుమారు 17 మందికే తరచుగా కలిసే మనిషి వల్ల మేలు జరిగింది. తక్కిన 83 మందికీ అప్పుడప్పుడో, ఎప్పుడో అరుదుగానో కలిసే మనుషుల వల్లే. మన దగ్గిర వాళ్ళకు తెలిసిన కబుర్లు మనకూ తెలిసినవే కదా! కొత్త కబురు రావలసింది దూరపు వాళ్ళ నుంచే.

ఇల్లు తాకట్టునుంచి విడిపించి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు అలాంటి ఉత్తరాలు నాకే వస్తుంటాయి. పెదనాన్నో మేనమామో ఈ వ్యాపారంలో ఉన్న పిల్లలకు ఈ మర్యాదలన్నీ ఇంట్లో భోజనాల దగ్గిరే వంటబడతాయి. అలాంటి అండలేని పిల్లలకు ఎవరు చెబుతారు? అందుకే ఎవరైనా కుర్రాడు కూర్చోగానే ఉద్యోగం అడిగేస్తే నాకు కోపం రాదు. వాడి వెనక ఎవరి ఇల్లు తాకట్టులో ఉందో! "ఇంకా పది నిమిషాలున్నాయి, మళ్ళీ మొదలుపెట్టు నాయనా" అంటాను.